కాలువ కింద పంతొమ్మిదో మీటరు

కోనసీమ వెళ్లొచ్చానని చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే, దిండిలో హౌస్‌బోటు ఎక్కావా అని. ఎక్కలేదు. నేను ఎక్కింది నాలుగడుగుల సిమెంటు పైపులో తాడు కట్టి లాగే చక్రాల బల్ల, అదీ బోర్లా పడుకుని. కొబ్బరి చెట్ల ఫొటోలు ఈ వ్యాసంలో లేవు. ఆ చెట్లకీ కాలువలకీ అడుగున ఏముందో చూడాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, నాలాంటి పిచ్చి ఇంకొకరికి ఉందన్న ఆనందంతో ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగం సొరంగాల పని. నగరాల్లో మెట్రో రైళ్లకి నేల కింద దారి వేసే సైట్లలో పదిహేనేళ్లుగా ఉన్నాను. సెలవు దొరికితే కూడా గుడులూ జలపాతాలూ చూడకుండా ఏ పాత నీటి సొరంగాన్నో వెతుక్కుంటూ పోతానని మా ఇంట్లో వేళాకోళం చేస్తారు. ఈసారి మాత్రం సరదాకి వెళ్లలేదు. మే నెలాఖర్లో ఒక సాయంత్రం సత్తిబాబు ఫోన్ చేశాడు. రాజోలు తాలూకా మనిషి. గల్ఫ్‌లో ఆరేళ్లు మెట్రో సొరంగం తవ్వే పెద్ద యంత్రం నడిపి, తిరిగొచ్చాక మా సైటులో రెండేళ్లు పనిచేశాడు. ఇప్పుడు వాళ్ల అత్తారి ఊళ్లోనే కాలువ కింద నుంచి పైపు తోసే పనికి సూపర్‌వైజరుగా ఉన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు పది నిమిషాలు కుశల ప్రశ్నలు అడిగే మనిషి ఆ రోజు నేరుగా విషయంలోకి వచ్చాడు.

"మేడంగారు, పైపు పంతొమ్మిదో మీటరు దగ్గర ఆగిపోయిందండి. మూడు రోజుల్నించి కదలట్లేదండి."

మొత్తం తోయాల్సింది ఇరవై ఏడు మీటర్లు. కాలువకి నీళ్లు వదలడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉంది. ఆ నేలలో ఏముందో చెప్పే మట్టి పరీక్ష రిపోర్టు మూడు నెలల కిందట నాకే పంపాడు, ఒకసారి చూడమని. రెండు చోట్ల బోరు వేసి తీసిన మట్టి నమూనాలు, రెండింట్లోనూ గట్టి బంకమన్ను. నిశ్చింతగా తోసుకోవచ్చని చెప్పింది నేనే. అతను ఆ మాట గుర్తు చెయ్యలేదు. గోదావరి మర్యాద అలాంటిది. చేసి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆ రాత్రే రెండు రోజులు సెలవు పెట్టేసి, మర్నాడు సాయంత్రం సికింద్రాబాదులో రైలెక్కాను.

రాజమండ్రిలో దిగేసరికి తెల్లవారుజామున అయిదున్నర. స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటో ఎనభై అడిగాడు, అరవైకి వచ్చాడు. కొత్తపేట మీదుగా రాజోలు వెళ్లే బస్సు ఆరుంపావుకి దొరికింది. టికెట్టు నూరు దాటుతుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. ప్రయాణం రెండున్నర గంటలు అంటారు గానీ మూడు అనుకుని బయల్దేరితే మనసు ప్రశాంతంగా ఉంటుంది. జొన్నాడ దగ్గర గోదావరి దాటి రావులపాలెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. అక్కడ అరటి గెలల లారీల మధ్య నిలబడి తాగిన టీ బాగుంది. కొత్తపేట దాటాక రోడ్డు కాలువ గట్టు పట్టుకుంది. ఏటా ఎండాకాలంలో కొన్ని వారాలు కాలువలు కట్టేస్తారు, మరమ్మతుల కోసం. అప్పుడు కాలువ అడుగున పగుళ్లిచ్చిన ఒండ్రు, అక్కడక్కడా మడుగులు, వాటిలో కొంగలు. ఫొటోల్లో చూసిన కోనసీమ కోసం వచ్చినవాళ్లకి ఇది చప్పగా ఉంటుంది. నాకైతే అసలు బొమ్మ వెనక అతుకులు కనబడుతున్నట్టు అనిపించి మెడ చాపి చూస్తూనే ఉన్నాను.

గన్నవరం అక్విడెక్టు దగ్గర కిటికీ సీటు వదలొద్దు. అక్కడ కాలువ వైనతేయ నది మీదుగా, వంతెన ఎక్కినట్టు ఎక్కి అవతలి ఒడ్డుకి పోతుంది. పాత కట్టడం పక్కనే కొత్తది. నేను వెళ్లినప్పుడు పైన తొట్టిలో నీళ్లు లేవు, కింద నదిలో పోటు నీళ్లు నిండుగా ఉన్నాయి. ఈ సీమలో నీళ్లకి కూడా పైఅంతస్తు, కింది అంతస్తు ఉన్నాయి. పొలాలకి నీరిచ్చే కాలువ ఎత్తుగా గట్ల మధ్య వెళ్తుంది. పొలాల్లో ఎక్కువైన వాన నీరు పోవడానికి ఆ కాలువే అడ్డం కాబట్టి, అది కాలువ అడుగు కింద నుంచి ఒక సొరంగం గుండా దాటి అవతలి మురుగు డ్రెయినులో కలుస్తుంది. దాన్ని ఇక్కడ రైతు దగ్గర్నుంచి కాలువ కాపలా చూసే లస్కరు దాకా అందరూ యూటీ అంటారు, అండర్ టన్నెల్ అని. సొరంగాలంటే కొండల్లోనే ఉంటాయనుకునే మనకి, ఒక్క గులకరాయి కూడా దొరకని ఈ డెల్టాలో ఊరికో సొరంగం ఉందన్న సంగతి తెలియదు.

సత్తిబాబు అత్తారి ఊళ్లో పాత యూటీ పూడిపోయి కూలిపోయింది. దాని వెనక నలభై ఎకరాల పల్లపు పొలం. రెండేళ్లుగా వానాకాలం పంట, అంటే ఇక్కడి మాటల్లో సార్వా, నడుం లోతు నీళ్లలో మునిగిపోతోంది. కొత్త యూటీకి గట్టు కొయ్యడం కుదరదు. గట్టు మీద రోడ్డు మూడు ఊళ్లకి ఒక్కటే దారి, దాని పక్కనే మంచినీళ్ల పైపు. అందుకే కొయ్యకుండా కింద నుంచి తోసే పద్ధతి. నగరాల్లో రోజూ చేసే పనే, ఆ ఊరికి మాత్రం కొత్త. ఊరి పేరు రాయడం లేదు, అక్కడివాళ్లు వద్దన్నారు.

రాజోల్లో దిగాక ఆటో మాట్లాడుకున్నాను, నూట యాభై. ఆటో అతను నా హెల్మెట్టు చూసి, "చెరువులు తవ్వించడానికి వచ్చేరా అండి?" అని అడిగాడు. కాదు, పైపు పని చూడ్డానికి అన్నాను. తర్వాత, ఒక పసుప్పచ్చ పొక్లెయినరు కొబ్బరి తోట నీడన ఆపి ఉంటే దాన్ని చూపించి, ఆ పల్లపు చేలన్నీ రొయ్యల చెరువులకి లీజు అడుగుతున్నారని, శనివారం లోపల చెప్పమన్నారని, మిషను ముందే తెచ్చి పెట్టేశారని చెప్పాడు. ఒకళ్లు చెరువు తవ్వితే ఉప్పునీటి ఊటకి పక్క చేను కూడా పోతుంది, అందుకని ఇస్తే అందరూ ఇవ్వాలి, మానితే అందరూ మానాలి. "సూర్రావుగారు ఎటంటే అటండి. ఆయనేమో పైపు బయటికొస్తే సార్వా, రాకపోతే చెరువు అనేసేరండి." ఆ సూర్రావుగారే సత్తిబాబు మావగారు. ఆ రోజు గురువారం.

సైటుకి చేరేసరికి తొమ్మిదిన్నర. డ్రెయిను వైపు రెండు నిలువుల లోతు గొయ్యి, చుట్టూ ఇనుప రేకులు దింపి ఉన్నాయి. భూమిలో నీళ్లు ఊరకుండా వరసగా దింపిన సన్న గొట్టాల నుంచి పంపులు ఆగకుండా తోడుతున్నాయి. గొయ్యి అడుగున నాలుగు పెద్ద జాకీలు పైపు వెనక నిలబడి ఉన్నాయి. పద్ధతి వినడానికి తేలిక. పైపుకి ముందు ఒక ఇనుప కప్పు ఉంటుంది. దాని లోపల ఇద్దరు కూర్చుని ఎదురుగా ఉన్న మట్టి చెక్కుతారు, మట్టి బల్ల మీద వెనక్కి వస్తుంది, జాకీలు పైపుని అంగుళం అంగుళం ముందుకి తోస్తాయి. ఒక పైపు లోపలికి పోయాక దాని వెనక ఇంకో పైపు పెడతారు. దారి తప్పకుండా లేజరు చుక్క ఒకటి ముందున్న పలక మీద పడుతూ ఉంటుంది. గల్ఫ్‌లో రెండంతస్తుల ఎత్తు యంత్రాన్ని తెరల ముందు కూర్చుని నడిపిన సత్తిబాబు ఇక్కడ మోకాళ్లకి పాత టైరు ముక్కలు కట్టుకుని ఉన్నాడు. అయిదు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

పలకరింపులు అవగానే నేను లోపలికి వెళ్తానన్నాను. అతను ముందు గాలిలో గ్యాసు చూసే మీటరు పంపి, అది మోగలేదని చూసుకుని, గాలి పంకా వేయించి, అప్పుడు బల్ల ఇచ్చాడు. అడుగున గ్యాసు నిక్షేపాలున్న కోనసీమలో నేల కిందకి వెళ్లేవాళ్లెవరూ ఆ మీటరు మరిచిపోరు. పంతొమ్మిది మీటర్లు బోర్లా పడుకుని వెళ్లడం నాకు కొత్త కాదు, కానీ మోచేతులు ఒరుసుకుపోతుంటే నా మీద నాకే కోపం వచ్చింది. రిపోర్టు కుర్చీలో కూర్చుని చదివాను కదా. చివర కూర్చుని లైటు వేస్తే నల్లటి బంకమన్ను, దాని మధ్యలో నిలువుగా ఇంకా నల్లగా ఏదో. పలుగుతో పొడిస్తే దిగలేదు. పీచులాంటి చీలికలు ఊడొచ్చాయి. పాత యూటీ తాలూకు చెక్క తలుపేమో అనుకున్నామని సత్తిబాబు అన్నాడు. అది పాతిక గజాల అవతల ఉందని మ్యాపులో ఉంది.

ఇక్కడ నా తప్పు ఇంకొకటి చెప్పాలి. బయటికి వచ్చాక, పైపు చుట్టూ జారుడు బురద ఇంకాస్త ఎక్కించి, జాకీల ఒత్తిడి పెంచి చూద్దామన్నాను. ఏదో కుళ్లిన చెక్క, విరిగిపోతుందనుకున్నాను. సత్తిబాబుకి ఇష్టం లేదు, మొహంలో తెలుస్తోంది. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. పెంచాం. లేజరు చుక్క పలక మీద నుంచి పక్కకి జరిగింది, పైపు మాత్రం ముందుకి పోలేదు. రెండు పైపులు కలిసే చోట టప్పుమని శబ్దం వచ్చింది. ఆపించి వెళ్లి చూస్తే అంచు మీద జుట్టంత పగులు. ఇంకో రెండు నిమిషాలు తోసి ఉంటే పైపు విరిగేది, పైన రోడ్డు కుంగేది. నిజంగా భయమేసింది. మొండితనం నాకు చాలాసార్లు పనికొచ్చింది, కానీ అది నేలకి కూడా ఉంటుందని అప్పుడప్పుడు మరిచిపోతాను.

ఒంటిగంటకి అన్నం పిలుపు వచ్చింది. సైటులో పదిమందికీ వండి పెట్టేది సువార్తమ్మ. యాభై దాటి ఉంటుంది. అసలు ఆవిడ వంటమనిషి కాదు. ఆ పల్లపు చేలల్లో ఊడ్పులకి పేటలోంచి ఆడవాళ్ల జట్టుని తీసుకొచ్చే మనిషి. రెండు సార్వాలుగా ఊడ్పులు లేక ఇక్కడ గరిటె పట్టుకుంది. చెరువులే వచ్చేస్తే ఇంక ఊడ్పులన్న మాటే ఉండదని సత్తిబాబు నెమ్మదిగా చెప్పాడు. ఆ పూట మామిడికాయ పప్పు, ఎండురొయ్యలేసి వండిన చింతచిగురు. ఆ చింతచిగురు కోసం మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను. తిన్నాక తాటి ముంజలు తెచ్చి ముందు పెట్టింది. నేను గొయ్యిలోంచి తెచ్చిన నల్ల చీలికని ముంజల పక్కనే బల్ల మీద పెట్టి, సత్తిబాబుతో ఏదో లెక్క మాట్లాడుతున్నాను. సువార్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. గోరుతో గీసింది, వాసన చూసింది.

"ఇది తాటి చేవ కదండీ," అంది. "గండి మొద్దుల్లోది. మీరు వాటినే తవ్వుతున్నారా అండి?"

ఏ గండి అని ఇద్దరం ఒకేసారి అడిగాం. ఆవిడ ఆశ్చర్యంగా చూసింది, ఊరందరికీ తెలిసిన సంగతి మాకు తెలియకపోవడమేమిటన్నట్టు. తనకి ఎనిమిదేళ్లప్పుడు పెద్ద వానల్లో అవతలి గట్టుకి గండి పడిందట. పల్లం అంతా ఏకమైపోతే ఇంటికో తాడిచెట్టు కొట్టించి ఇచ్చారట రైతులు. వాటిని కొనలు చెక్కి, ఒకదాని పక్కన ఒకటి నిలువునా దించి, వాటి మీద బస్తాలు వేసి గండి కట్టింది పేటలో మగవాళ్లు, వాళ్ల నాన్న మేస్త్రీ. తర్వాత మన్ను కప్పేశారు. ఆఫీసు కాగితాల్లో మాత్రం మట్టితో గండి పూడ్చినట్టు రాసుంది, ఆ కాగితం తర్వాత తెప్పించి చదివాను. రెండు బోర్లూ ఆ వరసకి అటొకటీ ఇటొకటీ పడ్డాయి. మరి సర్వేకి వచ్చినప్పుడు ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతులో కాస్త కోపం ఉందనుకుంటాను.

"సర్వేవాళ్లు రైతుల్ని అడిగేరండి. వాళ్లు చెట్లిచ్చేరు గానీ గట్టు మీదకి రాలేదు కదండీ, ఎక్కడ పాతేరో వాళ్లకేం తెలుసు? పేటలోకి ఎవరూ రాలేదు. నేనా, మీకు తెలిసే, వేరే దారి లేక తవ్వుతున్నారనుకున్నానండి. కంపూటర్లో భూమి లోపల కూడా కనపడుద్దంట కదా."

నాకు సిగ్గేసింది. పదిహేనేళ్లలో నేను చదివిన ప్రతి రిపోర్టులోనూ నేల గురించి ఎవరిని అడిగారో రాసే గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ పొలం ఉన్నవాళ్ల పేర్లే ఉంటాయి, ఆ పొలంలో పార పట్టినవాళ్ల పేర్లు ఉండవు. నేనెప్పుడూ దాన్ని గమనించలేదు. ఆ మాట సువార్తమ్మతో అన్నాను కూడా. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు, ముంజలు వేడెక్కిపోతాయి తినమంది.

తర్వాత మమ్మల్ని కాలువలోకి తీసుకెళ్లింది. ఎండ నిలువునా కాస్తోంది. ఎండిన కాలువలో పాత రేవు మెట్లు బయటపడి ఉన్నాయి. నాన్నకి చద్దన్నం మోసుకొచ్చి ఆ మూడో మెట్టు మీదే కూర్చునేదట. అక్కడి నుంచి గట్టు వెంట నడుస్తూ లెక్కపెట్టింది. తనవి అప్పుడు చిన్నపిల్ల అడుగులని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి, పొట్టి అడుగులతో నడిచింది. సత్తిబాబు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆగిన చోట కాలితో గీత గీసింది. ఆరడుగుల ఇనప చువ్వ తెప్పించి సుత్తితో దింపాం. మొదటి దెబ్బలకి మెత్తగా దిగి, నాలుగడుగుల లోతున ఠక్కున ఆగింది. పక్కన దింపితే అక్కడా ఆగింది. అర్ధగంటలో వరస అంతా తేలిపోయింది. మా పైపు దారికి రెండు మొద్దులు అడ్డం. వాటి వెనక ఇంకో వరస ఉందని, అది నిలువుగా కాకుండా గట్టుకి ఆనించి ఏటవాలుగా దించారని, అందులో ఒకటి మా దారిలో ఉండొచ్చని ఆవిడే చెప్పింది. ఆవిడ లేకుండా ఆ లెక్క మాకు ఏ యంత్రమూ ఇచ్చి ఉండేది కాదు. నిలువు మొద్దు కోస్తే పై ముక్క మట్టి పట్టుకుని నిలబడుతుంది. ఏటవాలుది కోస్తే పై ముక్క జారి, కోసే మనిషి మీదకి వస్తుంది.

ఆ మాట విన్నాక పని తీరు మార్చేశాం. మూడింటికి సత్తిబాబు, ఇంకో పనివాడు రంపాలతో లోపలికి వెళ్లారు. వాళ్ల వెనక నేను, మీటరూ లైటూ పట్టుకుని. తాటి చేవ నీళ్లలో నాని ఇనుములా అయ్యింది. ఒక్కో కోతకి ఇరవై నిమిషాలు పట్టేది. చెమట కళ్లలోకి కారుతోంటే సత్తిబాబు ఒక్కసారే మాట్లాడాడు, గల్ఫ్‌లో ఆ పెద్ద మిషను ముందు ఇలాంటిది వస్తే ఏమయ్యేదో అని. నెల రోజులు ఆగేవాళ్లం, నలభై మీటింగులు పెట్టేవాళ్లం అన్నాను. మొదటి రెండు మొద్దులూ ముక్కలుగా బయటికి పంపేశాక, ఏటవాలుది సువార్తమ్మ చెప్పిన చోటే కనబడింది. దాని పై ముక్క కింద చిన్న జాకీ బిగించి, ఇనప పలక ఆనించి, అప్పుడు రంపం వేశారు. కోత పూర్తవగానే జాకీ మీద బరువు పడి కిర్రుమంది. జారలేదు.

బయట సువార్తమ్మ ఒక్కో ముక్కనీ నీళ్లు పోసి కడిగి చూస్తోంది. ఒకదాని మీద గొడ్డలితో పెట్టిన మూడు గాట్లు కనబడితే వేలితో తడిమింది. వాళ్ల నాన్న తను చెక్కిన ప్రతి మొద్దుకీ అలా గాట్లు పెట్టేవాడట, ఎంత లోతు దిగిందో చూసుకోవడానికి. ఆ ముక్క మాత్రం చెత్తలో వెయ్యొద్దని పక్కన పెట్టించుకుంది.

అయిదుంపావుకి జాకీలు వేశాం. నేను గేజి దగ్గర నిలబడ్డాను. ఒత్తిడి పెరిగింది, ఆగింది, తర్వాత నెమ్మదిగా తగ్గింది. లేజరు చుక్క మధ్యలోకి వచ్చింది. పైపు కదులుతోందని సత్తిబాబు పైకి అరిచి చెప్పలేదు, నా వైపు చూసి తలూపాడు. చీకటి పడేలోగా మీటరున్నర వెళ్లింది. పగిలిన అంచుకి ఇనప పట్టీ వేయించాను, అది నా తప్పుకి వేసిన పట్టీ కాబట్టి పక్కనే నిలబడి వేయించాను.

అప్పటికి గట్టు మీద ఊళ్లోవాళ్లు ఇరవై మంది దాకా చేరారు. వాళ్లలో తెల్ల పంచె, భుజం మీద తువ్వాలుతో ఉన్నాయన సూర్రావుగారని సత్తిబాబు పరిచయం చేశాడు. నాకు నమస్కారం పెట్టి, ఎప్పుడొచ్చేరమ్మా, అన్నం తిన్నారా అని అడిగారు. పైపు గురించి అడుగుతారని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. మిగిలిన మీటర్లు, రోజులు, జాగ్రత్తలు అన్నీ. ఆయన నన్నేమీ అడగలేదు. అల్లుణ్ణి కూడా అడగలేదు. మొద్దు ముక్కల దగ్గరికి వెళ్లి, కాసేపు నిలబడి చూసి, గిన్నెలు తోముకుంటున్న సువార్తమ్మ వైపు తిరిగారు.

"ఏం సువార్తమ్మా, ఈ సార్వాకి ఊడ్పులకి ఎంతమందిని తీసుకొస్తావు?"

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, లేచి నిలబడింది.

"ముందు పైపు బయటికి రానివ్వండి బాబుగారూ. ఇంక మొద్దులైతే లేవండి. ఇరవైమందిమి వస్తాం."

గట్టు మీదున్న మిగతా రైతులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. చెరువుల మాట ఇక లేనట్టేనని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్న నేను రాజోలు బస్సుకి వెళ్తుంటే కొబ్బరి తోట నీడన పొక్లెయినరు ఇంకా ఉంది. శనివారం సాయంత్రం దాన్ని ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్తున్న వీడియో సత్తిబాబు పంపాడు. మంగళవారం ఇంకో వీడియో. గట్టు అవతల, పైపు బయటికి రావడానికి తవ్విన గొయ్యిలో మట్టి గోడ పొంగి, పగిలి, ఇనుప కప్పు అంచు బయటికొచ్చింది. కాలువకి నీళ్లు రావడానికి అప్పటికి ఇంకా రెండు రోజులుంది. ఆఫీసులో పనిలో ఉండి ఆ వీడియో ఏడుసార్లు చూశాను. నా సొంత సొరంగాలు బయటపడ్డప్పుడు కూడా అన్నిసార్లు చూసుకోలేదు.

తిరిగొచ్చాక ఒక పని చేశాను. మా సైట్లలో మట్టి పరీక్షకి ముందు నింపే కాగితంలో ఒక గడి కలిపించాను, ఆ నేలలో గతంలో కూలి పని చేసినవాళ్లని అడిగారా, వాళ్ల పేరేమిటి అని. పైవాళ్లు ఇదెందుకని రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి ఒప్పుకున్నారు. సొరంగం పనిలో ఉన్నవాళ్లం ఎదురుగా ఉన్న మట్టి గోడనే చూస్తాం, దాని అవతల ఏముందో చెప్పడానికి ఎన్నో పరికరాలు కనిపెట్టాం. అవన్నీ కావాలి, నేనేమీ వాటిని వదిలెయ్యమనడం లేదు. కానీ ఆ గురువారం, అయిదు రోజులుగా పైపు ఆగిపోయి ఉన్న చోటికి ముప్ఫై గజాల దూరంలో, జవాబు తెలిసిన మనిషి మా అందరికీ పూటపూటా అన్నం వడ్డిస్తూనే ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చిన్నతనంలో చద్దన్నం మోసుకొచ్చిన పిల్ల అడుగులే మాకు మిగిలిన దారి చూపించాయి.

ఈ వానల్లో ఆ వైపు వెళ్లి, కాలువ కింద నుంచి పల్లం నీళ్లు దూకుతున్న కొత్త యూటీని చూడాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. మధ్యాహ్నం భోజనం రాజోల్లోనే చేసి బయల్దేరండి, ఊళ్లో హోటలు లేదు. ఇదివరకు సైటు దగ్గర నాలుగు మెతుకులు దొరికేవి. ఇప్పుడు అక్కడ వండి పెట్టేవాళ్లు లేరు. సువార్తమ్మ ఊడ్పుల్లో ఉంది.